గ్రౌండు దొరకని రోజున పరుగు ప్రాక్టీసు



మీ ఊరి హైస్కూల్లో గాలిలా పరిగెత్తే పిల్లలు నలుగురైదుగురు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళను జట్టుగా కూర్చి జిల్లా పోటీలకు తీసుకుపోవాలని డ్రిల్లు మాస్టారికో, ఒకప్పుడు బాగా పరిగెత్తి ఇప్పుడు దుకాణం చూసుకుంటున్న ఏ పెద్దమనిషికో అనిపిస్తుంది. వారం పది రోజులు ఉత్సాహంగా సాగుతుంది. ఆ తర్వాత గ్రౌండులో పెళ్ళి పందిరి పడుతుంది. అది తీసేలోపు పరీక్షలొస్తాయి. పరీక్షలయ్యేలోపు వానలు. మళ్ళీ విజిల్ వేసేసరికి ఇరవైమందిలో ఎనిమిదిమందే వస్తారు. ఈ రోజు నేను మీతో చెప్పదలచుకున్నది ఈ ఆగిపోవడం గురించి. ఆగకుండా ఏం చేయవచ్చు, ఆగినప్పుడు ఏం చేయకూడదు అన్న రెండు విషయాలు. రెండోదే ముఖ్యం అని నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను బెంగళూరులో కొంతకాలంగా పిల్లలకు పరుగు నేర్పుతున్నాను. ఉద్యోగంగా కాదు, ఉదయం పూట ఖాళీ ఉంది కాబట్టి. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో సగం మంది మీ వైపు వాళ్ళే. తండ్రి భవనాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు, తల్లి ఇళ్ళల్లో పని చేసేవాళ్ళు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, గ్రౌండులో రెండూ కలిపి.

హిందూపురం, మడకశిర, కుప్పం, ముళబాగిలు, బాగేపల్లి వైపు నుంచి వింటున్న మీకు ఒక అభిప్రాయం ఉంటుంది. బెంగళూరులో అన్నీ ఉన్నాయి, మన దగ్గరే ఏమీ లేవు అని. ఇక్కడికి వచ్చేముందు నేనూ అలాగే అనుకున్నాను. కొంతవరకు నిజమే. నగరం నడిబొడ్డున కబ్బన్ పార్కు పక్కనే శ్రీ కంఠీరవ స్టేడియం ఉంది. 1997లో కర్ణాటకలో జాతీయ క్రీడలు జరిగినప్పుడు ముఖ్యమైన వేదిక అదే. జ్ఞానభారతి వైపు భారత క్రీడా ప్రాధికార సంస్థ, అంటే సాయ్ వారి దక్షిణ కేంద్రం ఉంది. దేశంలో పేరున్న అథ్లెట్లు ఎందరో ఈ రెండు చోట్లా చెమటోడ్చారు. కంఠీరవలోనే దశాబ్దాల తరబడి పిల్లలకు నేర్పిన ఎన్. లింగప్ప గారికి 2014లోనూ, వి.ఆర్. బీడు గారికి 2018లోనూ జీవితకాల సేవకుగాను ద్రోణాచార్య పురస్కారం వచ్చింది.

కాని కోటి దాటిన జనాభాకు మంచి సింథటిక్ ట్రాకులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే. ఉన్నవాటికి కూడా తెరిపి లేదు. 2014 నుంచి కంఠీరవలో ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. మ్యాచ్ ఉన్న రోజుల్లోనూ దాని ముందూ వెనకా గడ్డి మీదికి వెళ్ళనివ్వరు. ఈటె, గుండు, డిస్కస్ విసిరేవాళ్ళకు చోటుండదు. దీని మీద అథ్లెట్లు, కోచ్‌లు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. సింథటిక్ పొర కొన్నేళ్ళకు అరిగిపోతుంది, దాన్ని తీసి కొత్తది పరిచేదాకా నెలల తరబడి ట్రాక్ మూత. 2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చినప్పుడైతే అన్నిటికీ ఒకేసారి తాళాలు పడ్డాయి. ట్రాక్ ఉన్న ఊళ్ళో పిల్లలకు కూడా ట్రాక్ లేని రోజులు చాలానే ఉంటాయన్నమాట.

ఒక చిన్న ముచ్చట చెప్పి ముందుకు వెళతాను. కంఠీరవ స్టేడియం ఉన్న స్థలం ఒకప్పుడు సంపంగి చెరువు. నగరం పెరిగి చెరువు పూడిపోయింది. కరగ ఉత్సవానికి అవసరం కాబట్టి పక్కన ఒక చిన్న కొలను మాత్రం మిగిల్చారు. అంటే బెంగళూరు పిల్లలు పరిగెత్తేది చెరువు కడుపులో. మీ ఊళ్ళో చెరువు ఇంకా చెరువుగానే ఉంది. దాని కట్ట ఉంది, వేసవిలో ఎండిన అంచున మెత్తటి నేల ఉంది. ఆ మాటకు మళ్ళీ వస్తాను.

సరే, అసలు విషయం. ప్రాక్టీసు అంటే ఏమిటి? పరిగెత్తడం వల్ల కాళ్ళు బలపడవు. పరిగెత్తడం వల్ల కాళ్ళు అలసిపోతాయి. ఆ అలసటను శరీరం రాత్రి నిద్రలో, మర్నాటి విశ్రాంతిలో సరిచేసుకుంటూ మునుపటికంటే కొంచెం ఎక్కువ గట్టిగా కడుతుంది. గోడకు ఒక వరుస ఇటుక పెట్టి, సిమెంటు ఆరనిచ్చి, మర్నాడు మరో వరుస పెట్టినట్టు. ఈ లెక్క అర్థమైతే రెండు సంగతులు తేలిపోతాయి. మూడు నాలుగు రోజులు ప్రాక్టీసు పోతే గోడ కూలదు. గాభరా పడనక్కరలేదు. రెండు మూడు వారాలు పూర్తిగా మానేస్తే మాత్రం ఊపిరి పట్టు తగ్గినట్టు స్పష్టంగా కనబడుతుంది. కాబట్టి మనం భయపడవలసింది ఒక్క రోజు వానకు కాదు, వాన పేరు చెప్పి పదిహేను రోజులు జారిపోవడానికి.

రెండో సంగతి, పోయిన రోజుల ప్రాక్టీసు బాకీ కాదు. దాన్ని తర్వాత వడ్డీతో తీర్చలేం. నాలుగు రోజుల ఇటుకలు ఒకే రోజు పేరిస్తే ఏమవుతుందో మేస్త్రీని అడగండి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మేము ఒక బడి గ్రౌండు వాడుకునేవాళ్ళం. ఒక ఏడాది జోనల్ పోటీలకు నెల రోజుల ముందు ఆ గేటుకు తాళం పడింది. లోపల కార్ల పార్కింగు పెట్టుకున్నారు. ఇంకో చోటు వెతికేసరికి రెండు వారాలు గడిచిపోయాయి. నాకు కంగారు. మొదటి రోజే పిల్లల చేత పోయిన పరుగులన్నీ పెట్టించాను. ఉదయం 200 మీటర్లవి ఎనిమిది, సాయంత్రం మెట్లు, మర్నాడు మళ్ళీ. మా జట్టులో అందరికన్నా చురుకైన అబ్బాయికి అప్పుడు పదమూడేళ్ళు. ఆ ఏడాదే జానెడు పొడుగయ్యాడు. నాలుగో రోజు మోకాలి కింద నొప్పి అన్నాడు. ‘పరిగెత్తితే పోతుంది’ అన్నాను. వాడు నా మాట నమ్మి పరిగెత్తాడు. వారం తిరిగేసరికి మోకాటి చిప్ప కింద ఎముక బొడిపెలా ఉబ్బింది. మెట్లు దిగలేకపోయాడు.

డాక్టరు గారు చూసి దానికి పేరు చెప్పారు. ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. పదీ పదిహేనేళ్ళ మధ్య, ఒక్కసారిగా పొడుగు పెరిగే పిల్లల్లో వస్తుంది. ఎముకలు ముందు పెరుగుతాయి, కండరాలు వెనకబడతాయి. తొడ కండరాన్ని కాలి ఎముకకు కట్టే పట్టీ ఉంటుంది కదా, అది అతుక్కునే చోట ఎముక ఇంకా లేతగా ఉంటుంది. గెంతినప్పుడల్లా, వేగంగా పరిగెత్తినప్పుడల్లా పట్టీ ఆ లేత ఎముకను లాగుతుంది. చాలామందికి ఎదుగుదల పూర్తయ్యాక తగ్గిపోతుంది. కాని అప్పటిదాకా గెంతులు, దూకుళ్ళు తగ్గించాలి. ముందే గమనించి తగ్గించి ఉంటే ఇంత అయ్యేది కాదు. ఆ అబ్బాయి ఆ ఏడాది పోటీలకు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. వాళ్ళ నాన్న ఒక్క మాటా అనలేదు. అదే నాకు కష్టమనిపించింది.

ఆనాటి నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. వారం రోజులు ఆగితే, తిరిగి మొదలుపెట్టినప్పుడు మొదటి మూడు రోజులు ఆగకముందు చేసిన దాంట్లో సగమే. రెండు వారాలు ఆగితే, మొదటి వారమంతా సగమే. పోటీలు ఎంత దగ్గరగా ఉన్నా సరే. మూడు నెలలకొకసారి గోడకు నిలబెట్టి పిల్లల ఎత్తు కొలిచి నోటుబుక్కులో రాస్తాను. గబగబా పెరుగుతున్నవాడు కనిపిస్తే గెంతుళ్ళు తగ్గిస్తాను. గోడ మీద పెన్సిలు గీతకు ఖర్చేమీ లేదు. మోకాలి కింద, మడమ వెనుక, కాలి ముందరి ఎముక మీద నొప్పి అని ఎవరన్నా ఆ రోజుకు పరుగు లేదు. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి.

ఇక గ్రౌండు దొరకని రోజున ఏం చేయాలి? పరుగు జట్టుకు నిజంగా కావలసింది 60 మీటర్ల తిన్నని, గుంటలు లేని నేల. అంతే. స్టార్టు నేర్పడానికి 30 మీటర్లు చాలు. స్టార్టింగ్ బ్లాకులు లేకపోతే వెనక ఒక పిల్లవాడిని కూర్చోబెట్టి వాడి పాదాలను ఆనుకోమనండి, పని జరిగిపోతుంది. మోకాళ్ళు ఎత్తి నడవడం, మడమలు వెనక్కి తన్నడం, చేతులు ఊపే తీరు, ఇవన్నీ మేడ మీద, వసారాలో, చివరికి బండ్లు తీసేసిన పార్కింగులో కూడా చేయించవచ్చు. మెట్లుంటే పైకి పరిగెత్తించి, కిందికి నడిపించండి. కిందికి పరిగెత్తడం మోకాళ్ళకు చేటు.

రిలే అయితే మరీ తేలిక. నలుగురిని వరుసగా నిలబెట్టి, మెల్లగా ఒకే లయలో పరిగెత్తిస్తూ వెనకవాడు ‘చెయ్’ అనగానే ముందువాడు వెనక్కి చెయ్యి చాపి కర్ర అందుకోవాలి. చూడకూడదు. వీధిలో చేయవచ్చు, బడి నడవాలో చేయవచ్చు. బ్యాటన్ కొనక్కరలేదు. 40 మిల్లీమీటర్ల పి.వి.సి. పైపు 30 సెంటీమీటర్ల ముక్క కోయించి అంచులు నున్నగా రుద్దితే సరి. అసలు బ్యాటన్ కొలత కూడా ఇంచుమించు అదే, 28 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, 50 గ్రాములకు తగ్గని బరువు. ఒక మాట గుర్తుంచుకోండి. పాత పుస్తకాల్లో కర్ర మార్చుకునే చోటు 20 మీటర్లని ఉంటుంది. ఇప్పుడు 100 మీటర్ల రిలేలో అది 30 మీటర్లు. పాత లెక్కతో నేర్పితే పిల్లలు ఉన్న చోటును వాడుకోకుండా తొందరపడతారు. వ్యక్తిగతంగా ఎవరూ అంత వేగంగా లేని ఊరి జట్టు కూడా కర్ర చక్కగా మార్చుకుని గెలవడం నేను చూశాను. అందుకే వాన రోజులు మాకు రిలే రోజులు.

మీకు గ్రౌండు ఉంది, ట్రాక్ లేదనుకోండి. అప్పుడు మీరే గీసుకోవచ్చు. కాగితం, పెన్సిలు అందుబాటులో ఉంటే రాసుకోండి. మెల్లగా చెబుతాను. 90 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు స్థలం కావాలి. మధ్యలో పొడవు దిశగా 40 మీటర్ల దూరంలో రెండు మేకులు పాతండి. మళ్ళీ చెబుతున్నాను, 40 మీటర్లు. ఒక్కొక్క మేకుకు 18 మీటర్ల 90 సెంటీమీటర్ల తీగ కట్టి బయటివైపు అర్ధచంద్రాకారంగా గీత గీయండి. కొబ్బరి తాడు వద్దు, సాగుతుంది. ఇనుప తీగైతే కొలత తప్పదు. రెండు అర్ధచంద్రాల కొసలను ఇటూ అటూ 40 మీటర్ల తిన్నని గీతలతో కలపండి. మూల సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి మేస్త్రీలు వాడే 3, 4, 5 మీటర్ల ముక్కోణం లెక్క ఉంది కదా, అది చాలు. ఆ గీతకు జానెడు, అంటే 20 సెంటీమీటర్ల బయటగా పరిగెత్తే పిల్ల ఒక చుట్టు తిరిగితే సరిగ్గా 200 మీటర్లు. లేన్ వెడల్పు 1 మీటరు 22 సెంటీమీటర్లు. నాలుగు లేన్లు పడతాయి. ఒక చుట్టు పందెంలో రెండో లేన్‌వాడిని మొదటివాడికంటే 7 మీటర్ల 67 సెంటీమీటర్లు ముందు నిలబెట్టాలి, మూడోవాడిని ఇంకో 7 మీటర్ల 67. ఇది చూసి పిల్లలు ‘సార్, వాడిని ముందు నిలబెట్టారు’ అని పేచీ పెడతారు. అప్పుడు చుట్టుకొలత లెక్క నేలమీదే చెప్పండి. లెక్కల మాస్టారు సంతోషిస్తారు.

గీతలకు ఘాటైన సున్నం వాడకండి. పిల్లలు పడ్డప్పుడు కళ్ళల్లో పడితే ప్రమాదం. ముగ్గుపిండి మేలు.

చెరువు కట్ట సంగతి చెబుతానన్నాను. 800, 1500 మీటర్ల పిల్లలకు కట్టకు మించిన చోటు లేదు. తిన్నగా ఉంటుంది, బండ్ల రద్దీ తక్కువ, మట్టి కాబట్టి కాళ్ళకు దెబ్బ తగలదు. పి.టి. ఉష చిన్నప్పుడు పయ్యోళి సముద్రపు ఇసుకలో పరిగెత్తింది. కోచ్ ఒ.ఎం. నంబియార్ గారు ఉన్న చోటును ఉన్నట్టు వాడుకున్నారు. ఆ ఇసుక నుంచి బయలుదేరిన అమ్మాయి 1984లో లాస్ ఏంజిలిస్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకుంది. మా బెంగళూరు పిల్లలకు కట్ట లేదు. ఆదివారం పొద్దున కబ్బన్ పార్కులో వాహనాలు ఉండవు కాబట్టి అక్కడికి తీసుకుపోతాను. మిగతా రోజుల్లో వీధి కుక్కల బెడద. నవ్వకండి, పొద్దున ఐదున్నరకు ఇరవైమంది పిల్లలు ఒక్కసారి పరుగెత్తితే కుక్కలు ఊరుకోవు. వెలుతురు వచ్చాకే మొదలుపెట్టడం, సందుల్లో నడిచి వెళ్ళి గ్రౌండులోనే పరిగెత్తడం, ఈ రెండూ పాటిస్తే సగం బెడద తగ్గుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకే పిల్లల్ని లేపడం గొప్పేమీ కాదు. పదమూడేళ్ళ పిల్లకు ఎనిమిది గంటలకు తగ్గని నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా హోంవర్కు చేసిన పిల్లను నాలుగున్నరకు లేపితే ఆ రోజు ఇటుక తడి ఆరనట్టే.

అడ్డంకులంటే వానా గ్రౌండూ మాత్రమే కాదు. కొన్నిటిలో మన తప్పేమీ ఉండదు. ఎర్రాజి జ్యోతి కథ మీరు వినే ఉంటారు. విశాఖపట్నం అమ్మాయి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళల్లోనూ ఆసుపత్రిలోనూ శుభ్రం చేసే పని చేసింది. జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తుతుంది. హైదరాబాదులో ద్రోణాచార్య నాగపురి రమేశ్ గారి దగ్గర, ఆ తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గర నేర్చుకుంది. అప్పటికి జాతీయ రికార్డు 13.38 సెకన్లు. 2020 జనవరిలో మన పక్కనే, కర్ణాటకలోని మూడబిదిరెలో విశ్వవిద్యాలయాల పోటీల్లో 13.03కు వచ్చింది. రికార్డుగా లెక్కించలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఆ రోజు వెనక నుంచి గాలి సెకనుకు 2.1 మీటర్లు. నియమం ప్రకారం 2.0 దాటకూడదు. అదీ పోయింది. అదే ఏడాది మే 10న సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తింది. అది నిలిచింది. నిజానికి ఆ సమయం పోయిన రెండిటికంటే నెమ్మది. అక్టోబరులో గాంధీనగర్‌లో జాతీయ క్రీడల్లో 12.79, మళ్ళీ గాలి ఎక్కువ. కొన్ని రోజులకే, అక్టోబరు 17న, మనం ఇందాక చెప్పుకున్న కంఠీరవ స్టేడియంలో 12.82. గాలి నియమంలోనే ఉంది. అలా 13 సెకన్ల గీతను రికార్డుల పుస్తకంలో దాటింది.

ఈ కథ మా పిల్లలకు చెప్పినప్పుడు ఒక అమ్మాయి అడిగింది. ‘లెక్కలోకి రాదని తెలిసిన మర్నాడు ఆమె ఏం చేసింది సార్?’ అని. నాకు తెలియదు. మర్నాడు కాకపోయినా ఆ వారంలోనే హర్డిళ్ళు దాటి ఉంటుంది, లేకపోతే తర్వాతి సమయాలు వచ్చి ఉండవు అన్నాను.

ఇంకో కథ, ఇదీ మన నేల మీద మొదలైందే. 2017లో విజయవాడలో జాతీయ జూనియర్ పోటీలు జరిగాయి. ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీ నుంచి వచ్చిన శైలీ సింగ్ అనే పిల్ల లాంగ్ జంప్ చేసింది. తల్లి బట్టలు కుట్టి ముగ్గురు పిల్లల్ని ఒంటరిగా పెంచుతోంది. ఆ పోటీలో శైలీకి పతకం రాలేదు. కాని గట్టు మీద నిలబడి చూస్తున్నవారిలో రాబర్ట్ బాబీ జార్జ్ ఉన్నారు. 2003లో పారిస్‌లో ప్రపంచ పోటీల్లో కంచు గెలిచిన అంజూ బాబీ జార్జ్‌కు కోచ్, భర్త. ఆయన దూరం చూడలేదు, పిల్ల పరిగెత్తి వచ్చే తీరు చూశారు. బెంగళూరుకు పిలిపించారు. 2021లో నైరోబీలో ఇరవై ఏళ్ళలోపు వారి ప్రపంచ పోటీల్లో శైలీ 6.59 మీటర్లు దూకి వెండి గెలిచింది. బంగారానికి తక్కువైంది ఒక్క సెంటీమీటరు. జిల్లా పోటీల్లో ఐదో స్థానం వచ్చిందని మీరు జట్టులోంచి తీసేసే పిల్ల విషయంలో ఒకసారి ఆగి చూడండి. పన్నెండేళ్ళకు మొదట వచ్చేవాడు చాలాసార్లు తొందరగా ఎదిగినవాడు, అంతే. మిగతావాళ్ళు ఎదిగాక లెక్క మారిపోతుంది.

అందుకే అథ్లెటిక్స్ సమాఖ్య జిల్లాల మధ్య జరిపే జాతీయ జూనియర్ పోటీల్లో పద్నాలుగేళ్ళలోపు వారికి మూడు అంశాలు కలిపిన ట్రయాథ్లాన్ పెట్టారు. ఒక్క పరుగుకే పిల్లను కట్టేయవద్దని. ఈ పోటీలు 2019 నవంబరులో తిరుపతిలో జరిగాయి. మీ పిల్లలకు నేరుగా జాతీయ స్థాయి చూపించే దారి ఇది. జిల్లా సంఘం వారిని అడగండి. వెళ్ళేముందు పుట్టిన తేదీ పత్రం సరిగా ఉందో చూసుకోండి. వయసు తగ్గించి పంపే అలవాటు మన వైపు ఉంది, దాచి లాభం లేదు. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక ఎదుగుదలను బట్టి వయసు లెక్కకట్టే పద్ధతి ఇప్పుడు వాడుకలో ఉంది. దొరికితే నిషేధం పడేది పిల్లవాడి మీద. దొరకకపోతే ఇంకా అన్యాయం. అసలు పదమూడేళ్ళ పిల్ల ఒకరు పదహారేళ్ళవాళ్ళతో పరిగెత్తి, నాకు చేతకాదనుకుని ఇంటికి పోతుంది.

తిండి దగ్గరికి వద్దాం. డబ్బాల్లో అమ్మే పొడుల జోలికి పోకండి. వాటిలో ఏం కలిపారో చెప్పడం కష్టం, డోప్ పరీక్షలో పట్టుబడ్డ పిల్లలున్నారు. మీ వంటింట్లో రాగి సంగటి, ఉలవలు, చెనక్కాయలు, బెల్లం, పప్పు, గుడ్డు ఉన్నాయి. పరుగు పిల్లకు అవి చాలు. పరుగుకు ముందు గంటలో కడుపు నిండా తినకూడదు. పరుగయ్యాక అరగంట లోపల ఏదైనా తినాలి. మా జట్టులో ఒక తల్లి వారానికొకసారి చెనక్కాయల ఉండలు చేసి పంపుతుంది. ఆ రోజు హాజరు ఎక్కువ.

ఆడపిల్లల విషయంలో ఒక సంగతి గట్టిగా చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత. మీ జట్టులో ఒక అమ్మాయి చివరి 100 మీటర్లలో ఎప్పుడూ వెనకబడుతుంటే, బద్ధకం అని తిట్టేముందు రక్తపరీక్ష చేయించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర పారేయకుండా మింగేలా చూడండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు, ఆ అలవాటు మాన్పించండి. నెలసరి రోజుల్లో రాకూడదన్న నియమం పెట్టకండి, రావాలన్న నియమమూ పెట్టకండి. ఆ అమ్మాయికే వదిలేయండి. వీలైతే జట్టుతో ఒక స్త్రీ ఎప్పుడూ ఉండాలి. మా దగ్గర ఒక అమ్మాయిని తల్లి మానిపించబోయింది. చీకటితో పంపను అంది. నేను వాదించలేదు. ‘మీరే వచ్చి స్టాప్‌వాచి పట్టుకోండమ్మా, నాకు చెయ్యి ఖాళీ లేదు’ అన్నాను. రెండు రోజులు కోపంగా వచ్చింది. మూడో రోజు మా అందరి సమయాలు తప్పు రాస్తున్నానని నన్ను కోప్పడింది. ఇప్పుడు నోటుబుక్కు ఆమె దగ్గరే ఉంటుంది.

పరీక్షల నెలలో ఏం చేయాలని చాలామంది అడుగుతారు. పూర్తిగా మానిపించకండి, పూర్తిగా రమ్మనకండి. వారానికి రెండు రోజులు, అరగంట. వచ్చి ఒళ్ళు సాగదీసుకుని, నాలుగు తేలిక పరుగులు తీసి, నలుగురితో మాట్లాడి వెళ్ళిపోవాలి. తల్లిదండ్రులు కూడా ఒప్పుకుంటారు. జట్టు చెదిరిపోదు. మామూలు రోజుల్లో పద్నాలుగేళ్ళలోపు వాళ్ళకు వారానికి నాలుగు రోజులు చాలు. మిగతా రోజుల్లో కబడ్డీ, ఖోఖో ఏది ఆడుకున్నా మంచిదే. మీ వైపు ఎండ మా బెంగళూరు ఎండ కాదు కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా తొమ్మిది దాటితే ఆపేయండి. కుండలో నీళ్ళు, కొంచెం ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర పెట్టుకోండి. పిల్ల తలనొప్పి అని, తడబడుతూ మాట్లాడితే నీడకు చేర్చి ఒంటినిండా నీళ్ళు పోసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ‘కాసేపు కూర్చుంటే తగ్గుతుంది’ అని ఊరుకోకూడదు.

ఆ మోకాలి నొప్పి అబ్బాయి గురించి అడుగుతారేమో. ఇప్పుడు బాగానే ఉన్నాడు, సాయంత్రం పూట క్రికెట్ ఆడుతుంటాడు. పరుగుకు మాత్రం తిరిగి రాలేదు. పోయిన ఏడాది వాళ్ళ తమ్ముడిని తీసుకొచ్చి గేటు దగ్గర వదిలి వెళ్ళాడు. ఆ చిన్నవాడికి పన్నెండేళ్ళు. అన్నకన్నా వేగంగా ఉన్నాడు. వారానికి నాలుగు రోజులే రమ్మన్నాను. ఐదో రోజు కూడా వచ్చి గోడ పక్కన నిలబడుతున్నాడు. స్టాప్‌వాచి ఆవిడకు చెప్పి వాడిని ఇంటికి పంపించేస్తున్నాం.